అట్ట మార్చిన రికార్డు

పేరున్న మనిషి ఎవరైనా మారుమనస్సు పొందాడని తెలిస్తే మన సంఘములు ఏమి చేస్తాయో మనందరికీ తెలిసినదే. వచ్చే మహాసభలకు అతని ఫోటోతో కరపత్రములు అచ్చవుతాయి. పందిరిలో జనము రెట్టింపవుతారు. సాక్ష్యము చెప్పమని మైకు చేతికిస్తాము. పాట వచ్చినవాడైతే ఇంకొకటి, ఇంకొకటి అని పాడించుకుంటాము. రెండేళ్ళు గడిచాక అతడు ఎక్కడ ఉన్నాడో, ఎలా ఉన్నాడో అడిగేవారుండరు. ఒకవేళ ఎవరైనా అడిగితే, "ఆయన వెనుకకు పోయాడటగా" అనే మాట ఒకటి వినిపిస్తుంది.

లోకమంతా చూస్తుండగా ఒక పాటగాని విషయములో ఇటువంటిదే జరిగింది. అతని పేరు బాబ్ డిలన్. 1980 జూన్‌లో విడుదలైన అతని "సేవ్డ్" అనే రికార్డును గూర్చి ఈ నెల వ్రాయాలనిపించింది. "సేవ్డ్" అంటే రక్షింపబడినవాడు అని అర్థము. లోకస్థులు దానిని మతప్రచారమని త్రోసివేశారు. విశ్వాసులు కొంతకాలము తలకెత్తుకొని తరువాత మరచిపోయారు. డిలన్ పాటలంటే ప్రాణము పెట్టేవారు సైతము ఈ ఒక్క రికార్డును అలమారలో అడుగున పెట్టారు. మేము పదే పదే విన్న మీదట, అది న్యాయము కాదని తోచింది.

మన పల్లెలలో ఈ పేరు వినని కుటుంబములే ఎక్కువ గనుక ముందు మనిషిని గూర్చి చెప్పాలి. డిలన్ 1941 మే 24న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో ఒక యూదు కుటుంబములో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు రాబర్ట్ జిమ్మర్‌మన్. ఇనుప గనుల ఊరైన హిబ్బింగ్‌లో పెరిగాడు. ఒక గిటారు, నోటితో ఊదే హార్మోనికా, బొంగురు గొంతు, ఇవే అతని ఆస్తి. మన గాయకులతో పోల్చి వినేవారికి ఆ గొంతు మొదట విసుగు పుట్టించవచ్చు. మాట కట్టడములో మాత్రము అతనిది అందె వేసిన చెయ్యి. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్ నగరములో నల్లజాతివారి హక్కుల కొరకు జరిగిన మహాప్రదర్శనలో, డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ గారు ప్రసంగించిన ఆ సభలోనే, 22 ఏళ్ళ డిలన్ పాడాడు. 1971 ఆగస్టు 1న బంగ్లాదేశ్ కాందిశీకుల సహాయార్థము న్యూయార్కులో మన రవిశంకర్ గారు, జార్జ్ హారిసన్ కలిసి జరిపిన కచేరీలోను పాడాడు. 2016లో అతనికి సాహిత్యములో నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు, పాటలు వ్రాసేవానికి సాహిత్య బహుమతి ఏమిటని చాలమంది ముక్కున వేలేసుకున్నారు. 1913లో ఆ బహుమతి పుచ్చుకున్న మన రవీంద్రుడు రెండు వేలకు పైగా పాటలు కట్టినవాడేనన్న సంగతి వారికి గుర్తు రాలేదు కాబోలు!

ఇక అసలు సంగతి. 1978 నవంబరు 17న శాన్ డియాగో అనే ఊరిలో డిలన్ ఒంట్లో బాగోలేకపోయినా పాడుతున్నాడు. జనములో ఎవరో ఒక చిన్న వెండి సిలువను వేదిక మీదికి విసిరారు. సాధారణముగా అలా విసిరిన వస్తువులను ముట్టనివాడు, ఆ రాత్రి వంగి దానిని తీసి జేబులో వేసికొన్నాడు. ఈ సంగతి మరుసటి ఏడు అదే ఊరిలో వేదిక మీద అతడే చెప్పాడు. ఆ తరువాత కొద్ది దినములకు ఆరిజోనాలోని ఒక హోటలు గదిలో యేసు సన్నిధిని అనుభవించానని కూడ చెప్పుకున్నాడు. అప్పటికి అతనికి 37 ఏళ్ళు. ఇల్లు చెదరిపోయి ఏడాది దాటింది. 1979 మొదటి నెలలలో లాస్ ఏంజెలెస్ శివారులో వైన్‌యార్డ్ అనే సంఘము నడిపే బైబిలు తరగతికి సుమారు మూడు నెలలు వెళ్ళి, అందరితోబాటు కూర్చుని వాక్యము నేర్చుకున్నాడు. ప్రపంచ ప్రఖ్యాతి పొందినవాడు అలా కూర్చోవటము చిన్న సంగతి కాదు.

ఆ ఏడాది ఆగస్టులో "స్లో ట్రెయిన్ కమింగ్" అనే రికార్డు వచ్చింది. దాని నిర్మాతలలో ఒకడైన జెర్రీ వెక్స్‌లర్ యూదుడు, పైపెచ్చు నాస్తికుడు. డిలన్ అతనికి సువార్త చెప్పబోతే, నేను అరవై దాటిన నాస్తికుణ్ణి, నన్ను కదిలించలేవు, రా పని చూద్దాము అన్నాడట. ఆ రికార్డు బాగా అమ్ముడుపోయింది. అందులోని ఒక పాటకు 1980 ఫిబ్రవరి 27న గ్రామీ బహుమతి కూడ వచ్చింది. అది గట్టి రికార్డే. కాని అందులో వేలు ఎప్పుడూ వినేవాని వైపే చూపబడుతుంది. నీవు ఎవరిని సేవిస్తున్నావు, నీవు ఎప్పుడు మేలుకుంటావు, అని గద్దింపు. కొత్తగా రక్షణ పొందినవారిలో ఈ ఉద్రేకము మనము ఎరుగనిది కాదు. మొదటి ఆరు నెలలు ఇంట్లో ఎవ్వరినీ అన్నము తిననివ్వరు!

నవంబరు 1 నుండి శాన్ ఫ్రాన్సిస్కోలో వార్‌ఫీల్డ్ అనే నాటకశాలలో పదునాలుగు కచేరీలు జరిగాయి. పాత పాట ఒక్కటీ పాడలేదు. డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నవారు పాత పాటలు అడిగారు, కేకలు వేశారు, కొందరు లేచిపోయారు. పత్రికలు ఎగతాళి చేశాయి. ఆరిజోనాలో టెంపే అనే ఊరిలోనైతే కుర్రకారు అల్లరి చేశారు, అతడు అంత్యదినములను గూర్చి వారితో వాదానికి దిగాడు. ఆ ప్రసంగములు ఇప్పుడు చదివితే మాకు అంత ఇంపుగా లేవు. ప్రేమకంటె కోపము ఎక్కువ వినబడుతుంది.

కాని ఆ కచేరీలు ఎలా మొదలయ్యేవో చూడండి. డిలన్ ముందుగా రాడు. నల్లజాతి సోదరీమణులు వచ్చి ఆరాధన పాటలు పాడతారు. వారిలో రెజీనా హేవిస్ అనే ఆమె ఒక కథ చెప్పేది. కుమారుని చూడటానికి బయలుదేరిన ఒక ముసలమ్మ దగ్గర రైలు టిక్కెట్టుకు డబ్బు లేదు. టిక్కెట్టు లేనిదే ఎక్కనివ్వనన్నాడు కండక్టరు. ఆమె అక్కడే నిలిచి ఏడుస్తూ ప్రార్థన చేసింది. రైలు కదలలేదు. ఎంత చేసినా కదలలేదు. చివరకు ఆ కండక్టరే వచ్చి, అమ్మా, నీ టిక్కెట్టు యేసు దగ్గర ఉన్నది, ఎక్కు అన్నాడు. ఈ రెజీనా తండ్రి శామ్యూల్ మెక్రేరీ గారు నాష్‌విల్ పట్టణములో బాప్టిస్టు పాస్టరు; ఫెయిర్‌ఫీల్డ్ ఫోర్ అనే పేరు మోసిన సువార్త గాయక బృందములో ముఖ్య గాయకుడు. అంటే డిలన్ ఆ పాట నేర్చినది పెద్ద నగరపు స్టూడియోలలో కాదు, నల్లవారి దేవాలయములలో పుట్టి పెరిగిన ఆడబిడ్డల దగ్గర.

రాక్ సంగీతమంటే అపవాది వాద్యమని మన పెద్దలలో కొందరికి భయము. వారికి ఒక సంగతి చెప్పాలి. ఆ సంగీతపు వేళ్ళు చాలవరకు అమెరికా దక్షిణాన ప్రత్తి చేలలో వెట్టిచాకిరీ చేసిన బానిసల భక్తి పాటలలోనే ఉన్నాయి. ఒకరు ఎత్తుకుంటే తక్కినవారు అందుకోవటము, చప్పట్లు, కాలి తాళము, అన్నీ అక్కడివే. దప్పు మ్రోగిన వాడలలోనుండి వచ్చిన మన సంఘములకు ఇది పరాయి సంగతి కానే కాదు.

ఇక రికార్డు. శీతకాలపు కచేరీలు 1980 ఫిబ్రవరి 9న ముగిశాయి. 11వ తేదీన అందరూ అలబామా రాష్ట్రములోని మజిల్ షోల్స్ స్టూడియోలో దిగారు. టెన్నెస్సీ నది ఒడ్డున షెఫీల్డ్ అనే ఊరిలో నలుగురు వాద్యకారులు కలిసి 1969లో ఆరంభించిన స్టూడియో అది. ఆ నలుగురిలో ఒకడైన బారీ బెకెట్, మన నాస్తికుడు వెక్స్‌లర్, ఈ ఇద్దరే మళ్ళీ నిర్మాతలు. ఐదు రోజులలో పని అయిపోయింది. తొమ్మిది పాటలు. అందులో మొదటిది మాత్రము పాత పల్లెపాట, ధనముతో తృప్తి కొనలేమని చెప్పేది. 1955లోనే అమెరికాలో ఇంటింటా వినిపించినది. తక్కిన ఎనిమిదీ డిలన్‌వి. ఒకదానిలో బేసు గిటారు వాయించే టిమ్ డ్రమండ్ చెయ్యి కూడ ఉన్నది.

మొదటి రికార్డుకు, దీనికి తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ "నీవు" అనే మాట ఎక్కువ, ఇక్కడ "నేను" ఎక్కువ. గద్దించినవాడు ఇక్కడ మోకాళ్ళ మీద ఉన్నాడు. "వాట్ కెన్ ఐ డూ ఫర్ యూ" అనే పాట 116వ కీర్తన అడిగిన ప్రశ్ననే అడుగుతుంది: ఇంత మేలు చేసినవానికి నేను తిరిగి ఏమి ఇవ్వగలను? జవాబు పాటలో లేదు. మాటలు ఆగినచోట డిలన్ హార్మోనికా తీస్తాడు. అతడు జీవితమంతా ఊదిన హార్మోనికాలో ఇంతకంటె హృదయము కోసే ఘట్టము మేము వినలేదు. ప్రార్థనలో మాట రానివారు మూలుగుతారే, అలా ఉంటుంది.

"ప్రెస్సింగ్ ఆన్" ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయములోని పరుగును గూర్చినది. డిలన్ పియానో దగ్గర ఒంటరిగా మొదలుపెడతాడు, ఒక్కొక్క గొంతే వచ్చి చేరుతుంది, పాట ముగిసేసరికి దేవాలయమంతా లేచి నిలిచినట్టుంటుంది. "కవెనెంట్ ఉమన్" తన కొరకు ప్రార్థించిన ఒక విశ్వాసురాలికి కృతజ్ఞత. "సేవింగ్ గ్రేస్" నెమ్మదైన పాట, చచ్చిపోవలసినవాడు ఇంకా బ్రతికి ఉన్నాననే ఆశ్చర్యము. టైటిల్ పాటలోనేమో ఉరుకులు పరుగులు ఎక్కువ, లోతు తక్కువ. మాకు అంతగా ఆనలేదు.

ఈ రికార్డుకు తలమానికము "ఇన్ ది గార్డెన్". గెత్సేమనే తోటతో మొదలై, రాత్రివేళ వచ్చిన నీకొదేమును, స్వస్థత పొందిన గ్రుడ్డివారిని, కుంటివారిని తలచుకుంటూ పునరుత్థానము వరకు వెళ్తుంది. విశేషమేమంటే, ప్రతి చరణమూ ప్రశ్నే. వారికి తెలిసిందా, వారు విన్నారా, చూశారా, నమ్మారా అని. ఒక్కదానికీ జవాబు చెప్పడు. చరణము సాగుతున్నకొద్దీ రాగము మెట్టు మెట్టుగా పైకి లేస్తుంది. మనమైతే ప్రతి చరణము చివర ఒక హెచ్చరిక తగిలించి ఉండేవారమేమో. అతడు తగిలించలేదు. చివరి పాట "ఆర్ యూ రెడీ" తీర్పు దినమును గూర్చి అడుగుతుంది గాని, మధ్యలో ఆ ప్రశ్నను తనవైపు కూడ త్రిప్పుకుంటుంది: సహోదరుల కొరకు ప్రాణము పెట్టటానికి నేను సిద్ధమేనా? ముందటి సంవత్సరపు డిలన్ ఈ ప్రశ్న తనకు వేసికొన్నట్టు కనబడదు.

మాకు ఈ రికార్డు హైదరాబాదు పాతబస్తీ అంచున దొరికింది. పెండ్లి శుభలేఖల అచ్చు కొరకు ఛత్తా బజారుకు వెళ్ళే మన కుటుంబములు చార్మినారు చూసి, గాజులు కొని తిరిగి వస్తాయి. మూసీ మీద 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ వైపు వెళ్ళేవారు తక్కువ. అక్కడ గురువారము గురువారము జుమ్మేరాత్ బజారు సాగుతుంది. పాత ఇనుము, గడియారములు, కుర్చీలు, విరిగిన రేడియోలు, వాటి మధ్య అప్పుడప్పుడు గ్రామఫోను రికార్డుల కట్టలు. హిందీ సినిమా పాటలు, ఖవ్వాలీలు త్వరగా పోతాయి. ఇది మాత్రము అడుగున పడి ఉన్నది. "ఇది ఎవ్వరూ అడగరు సాబ్, తీసుకుపోండి" అన్నాడు అమ్మేవాడు.

చూస్తే దాని అట్ట మీద డిలన్ వేదికపై పాడుతున్న బొమ్మ ఉన్నది. అది మొదటి అట్ట కాదు. 1980లో వచ్చినప్పుడు టోనీ రైట్ గీసిన బొమ్మ ఉండేది: పైనుండి ఒక పెద్ద చెయ్యి దిగివస్తుంది, క్రిందనుండి ఎన్నో చేతులు చాపబడి ఉంటాయి, వాటిలో ఒకదానిని ఆ వ్రేలు తాకుతుంది. లోపల యిర్మీయా 31:31, క్రొత్త నిబంధనను గూర్చిన వచనము అచ్చు వేశారు. తరువాతి ముద్రణలలో ఆ చెయ్యి పోయి పాటగాని బొమ్మ వచ్చింది. లోపలి పాటలు మారలేదు, అట్ట మాత్రమే మారింది. దీనికి వ్యాపార కారణములు ఏమైనా ఉండవచ్చు. రక్షించిన చేతిని తీసి రక్షింపబడినవానిని అక్కడ పెట్టటము మాత్రము మాకు నచ్చలేదు. మన మహాసభల కరపత్రములలోను బొమ్మ ఎవరిది పెద్దదిగా వేస్తున్నామో గమనించవచ్చు.

ఆ పాతబస్తీ గల్లీలలో ఖవ్వాలీ విన్నవారికి ఈ రికార్డు పద్ధతి సులువుగా బోధపడుతుంది. ముఖ్య గాయకుడు ఒక మాట అంటాడు, వెనుక కూర్చున్నవారు చప్పట్లతో దానిని అందుకొని తిరిగి అతని చేతికిస్తారు. హైదరాబాదుకు పేరు తెచ్చిన వార్సీ కుటుంబపు ఖవ్వాలులది అదే వరుస. మన పల్లెలకు ఇంకా దగ్గరగా చెప్పాలంటే బుర్రకథ. క్రిస్మసుకు మన సంఘములలో చెప్పే బుర్రకథలో కథకునికి ఇరుప్రక్కల వంతలు లేకపోతే కథ నడవదు గదా. క్లైడీ కింగ్, రెజీనా హేవిస్, మోనా లీసా యంగ్, ఈ ముగ్గురు స్త్రీలు డిలన్‌కు వంతలు. అతని గొంతు జారినచోట వారు ఎత్తి పట్టుకుంటారు.

గొంతు జారటము నిజమే. దాచవలసిన పని లేదు. నెలల తరబడి ఊరూరా పాడి రెండు రోజులైనా విశ్రాంతి సరిగా లేకుండ స్టూడియోలోకి వచ్చినవారి అలసట రికార్డులో వినబడుతుంది. పైగా ఈ పాటలు జనము ఎదుట, ఎదురుగాలిలో ఎదిగినవి. తలుపులు మూసిన గదిలో అవి కొంత చల్లారాయి. అమెరికాలో ఈ రికార్డు అమ్మకముల పట్టికలో 24వ స్థానము దాటలేదు. ముందటిది 3వ స్థానము వరకు వెళ్ళింది. ఇంగ్లాండులో మాత్రము ఇది కూడ 3వ స్థానము చేరింది.

1981లో "షాట్ ఆఫ్ లవ్" వచ్చింది, అందులో విశ్వాసపు పాటలతోబాటు ఇతర పాటలూ ఉన్నాయి. ఆ తరువాత డిలన్ కచేరీలలో పాత పాటలు తిరిగి వచ్చాయి, ప్రసంగములు ఆగిపోయాయి. అంతటితో అతడు విశ్వాసము వదలివేశాడని లోకస్థులు సంతోషించారు, వెనుకకు పోయాడని విశ్వాసులు తీర్పు తీర్చారు. ఇద్దరూ ఒకే మాట అనటము వింతగా లేదూ? 1986లో టామ్ పెట్టీ బృందముతో తిరుగుతున్నప్పుడు కూడ అతడు "ఇన్ ది గార్డెన్" పాడుతూనే ఉన్నాడు. ఇది నా వీరుని గూర్చిన పాట అని పరిచయము చేసి మరీ పాడాడు. 2009లో క్రిస్మసు పాటల రికార్డు చేసి, దానిపై తనకు వచ్చే రాబడిని ఆకలిగొన్నవారికి అన్నము పెట్టే సంస్థలకు ఇచ్చివేశాడు. అతని హృదయములో ఏమున్నదో మనము తూకము వేయలేము. పాట మాత్రము మన చేతిలో ఉన్నది, దానిని వినవచ్చు.

వినటము కూడ మొదట నల్లవారి సంఘములే మొదలుపెట్టాయి. 2003లో వారి గాయకులు కలిసి డిలన్ సువార్త పాటల సంపుటి ఒకటి చేశారు. అందులో "ప్రెస్సింగ్ ఆన్"ను షికాగో మాస్ క్వయిర్ వారు పాడితే, అది ఎప్పటినుండో ఆరాధన పుస్తకములో ఉన్న పాటలాగే వినిపిస్తుంది. "ఆర్ యూ రెడీ" పాడినది ఎవరనుకున్నారు? ఫెయిర్‌ఫీల్డ్ ఫోర్! రెజీనా తండ్రి గారి బృందమే. ఆయన 1991లో ప్రభువునందు నిద్రించారు. కుమార్తె వంత పాడిన పాట తండ్రి బృందానికి చేరటానికి 23 ఏళ్ళు పట్టింది. పత్రికలవారి మనస్సు మారటానికి ఇంకా ఎక్కువ పట్టింది. 2017 నవంబరు 3న "ట్రబుల్ నో మోర్" అనే పేరుతో 1979 నుండి 1981 వరకు జరిగిన కచేరీల రికార్డింగులను ఎనిమిది సి.డి.ల పెట్టెగా విడుదల చేశారు. అప్పుడు గాని చాలమంది విమర్శకులు ఆ గుంపు ఎంత గొప్పగా పాడిందో ఒప్పుకోలేదు. జిమ్ కెల్ట్‌నర్ డ్రమ్ములు, స్పూనర్ ఓల్డ్‌హమ్ ఆర్గను, ఆ స్త్రీల గొంతులు, అన్నీ అక్కడ నిప్పుకణికలవలె ఉన్నాయి. స్టూడియోలో చల్లారినదేమిటో పోల్చి చూసుకోవటానికి అదే సాధనము.

ఇప్పుడు రికార్డు కొరకు పురానాపూల్ వెళ్ళనక్కరలేదు, పిల్లల చేతి ఫోనులోనే ఇవన్నీ దొరుకుతాయి. ఆంగ్లము రాని పెద్దలు కూడ ఉంటే, మొదట "ఇన్ ది గార్డెన్" పెట్టి, యోహాను సువార్త 18, 3, 20 అధ్యాయములు ఆ వరుసలోనే తెరచి ముందుంచుకోవచ్చు. ఏ చరణము ఎక్కడిదో పోల్చుకోవటము అంత కష్టము కాదు. "వాట్ కెన్ ఐ డూ ఫర్ యూ"కు ఏ పుస్తకమూ అక్కరలేదు; మాటలు అయిపోయిన తరువాత వచ్చే హార్మోనికా చివరిదాకా, ఆపకుండ వినండి.